పేరు కుదరలే, వాపస్

దేవరాజు సారుకు దేనికైనా పేరు కుదరలేదంటే గొంతులో ముద్ద దిగదు.

ఆయన పనిచేసేది వనపర్తిలో, బోరు మోటర్లకు తగిలించే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో. కరెంటు రాగానే రైతు ఫోనుకు కబురు పంపే పెట్టెలవి. ఒక్కో దాంట్లో ఒక బుల్లి కంప్యూటరు, అందులో లినక్స్. ఆ లినక్స్‌ను వందల ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాంల మూటలు, కలిపి వండాలి. ఆ వంటను బిల్డ్ అంటారు, వంటమనిషి మన సారే. ప్యాకేజీ పేరంటే అన్నీ చిన్నక్షరాలే ఉండాలి. మాటకూ మాటకూ మధ్య అడ్డగీత ఉండాలి. చూడగానే అది చేసే పని తెలియాలి. ప్యాకేజీ మార్చిన ప్రతిసారీ దాని నంబరు పెరగాలి. లోపల సరుకు లేని ఖాళీ ప్యాకేజీనైతే గడపే తొక్కనివ్వడు. ఏ చిన్న తేడా వచ్చినా ఒకటే మాట: "పేరు కుదరలే. వాపస్."

ఒకసారి, ప్రోగ్రాంలు రాసే మధు పాపం ప్యాకేజీ పేరుకు 'ఫైనల్-ఫైనల్' అని తోక తగిలించి పంపాడు.

"ఏందయ్యా ఇది? ఆఖరిదానికి మళ్ల ఆఖరిదా? రేపు ఇంకోటి రాస్తవు గదా, దానికేం పెడ్తవు?"

"ఇగ రాయ సార్."

"రాయకుంటె జీతమెందుకు నీకు? వాపస్!"

టీ ఫ్లాస్కులనూ వదల్లేదు మహానుభావుడు. ఒకదాని మీద 'అల్లం-టీ', ఇంకోదాని మీద 'ఉత్త-టీ' అని చీటీలు అంటించాడు. ఓ రోజు టీ కాసే ఈరమ్మ చల్లగా చెప్పింది: "సారూ, అల్లం ఒడిసింది. ఇయ్యాల రెండిట్లా ఉత్తదే."

"మరి జెప్పవేం? చీటీ మార్వాలె!"

చీటీ అందంగా రాసి, కత్తిరించి, అంటించేసరికి టీ కాస్తా చల్లారిపోయింది.

ఇవన్నీ అదే ఆఫీసులో ప్రోగ్రాంలు రాసే సౌందర్య, గద్వాల దగ్గరి తన ఊళ్లో, అమ్మ మంచం పక్కన కూర్చుని తలుచుకునేది. నవ్వు మొదలయ్యేది గానీ మధ్యలోనే ఆగిపోయేది. వాళ్లమ్మ నాగేంద్రమ్మ చేలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చూసుకునే దిక్కు ఇంకెవరూ లేక, సౌందర్య పని సగంలో వదిలి వచ్చేసింది. బోరు ఎండిపోతే మోటరు కాలకముందే ఆపేసే ప్రోగ్రాం అది. చిన్నప్పుడు వాళ్ల మోటరు కాలిపోయి పంటంతా ఎండిపోవడం కళ్లారా చూసింది. అందుకే దాని మీద ప్రాణం పెట్టుకుంది.

అంతలో మేనేజర్ భానుప్రకాశ్ ఫోన్ చేశాడు. "ఎండాకాలంలోపు కావాలె గదమ్మా. నీ పని మన జగదీశ్‌కు ఇస్తున్నం."

"ఇయ్యుర్రి సార్," అంది. ఆ రోజునుంచి వనపర్తి బస్సు ఊరి ముందునుంచి పోతుంటే, కనుమరుగయ్యేదాకా చూసేది. ఆఫీసు కావాలనిపించేది. బిల్డ్ నడుస్తుంటే కంప్యూటరు ఊదే వేడిగాలి కావాలనిపించేది. ఆఖరికి ఆ వాపస్ కూడా.

ఉండబట్టలేక సారుకు ఫోన్ చేసింది. "సార్, నా పని జగదీశ్ జేసిండా?"

"ఏదో పంపిండు. పేరు కుదరలే. వాపస్. అమ్మ నడుస్తున్నదా?"

"ఇంకా లేదు సార్."

కొన్నాళ్లాగి మళ్లీ చేసింది.

"మళ్ల పంపిండు. వాపస్. అమ్మ నడుస్తున్నదా?"

"గోడ వట్టుకొని లేస్తున్నది సార్. పాపం, పనన్నా కానీయుర్రి."

"పని సంగతి నాకు తెల్వదు, నాది పేర్ల వరకే. ముందు అమ్మను నడ్వనీయి."

నాగేంద్రమ్మ కర్ర పట్టుకుని వాకిలిదాకా నడిచాక సౌందర్య వనపర్తికి వచ్చింది. తన పని ఈపాటికి జగదీశ్ పూర్తిచేసేసి ఉంటాడని దిగులుగానే మెట్లెక్కింది. ఎదురొచ్చిన జగదీశ్ రెండు చేతులూ జోడించాడు.

"అక్కా, నీ కాల్మొక్త, నీ పని నువ్వు దీస్కో! ఏ పేరు వెట్టినా వాపసే. చివరికి ఆయన చెప్పిన లెక్కనే పెట్టిన. ఆ పేరుతోని ఇప్పటికే ఒకటున్నదంట. ఒక బిల్డ్‌ల ఒకే పేరు రెండిటికి నడ్వది గదా!"

సౌందర్య ప్యాకేజీల జాబితా తెరిచి చూసింది. ఉంది. తను పెట్టాలనుకున్న పేరే, చిన్నక్షరాల్లో, అడ్డగీతలతో సహా. లోపల మాత్రం ఏమీ లేదు.

"సార్, ఖాళీ ప్యాకేజా? మీరే పెట్టిన్రా?"

దేవరాజు సారు తల ఎత్తలేదు. "బస్సుల సీటు మీద తువ్వాల ఎయ్యమా? గట్లనే. మనిషి వస్తదని తెల్సినప్పుడు ఎయ్యాలె. భానుప్రకాశ్ సారుకు చెప్పకు, పరేషాన్ జేస్తడు."

సౌందర్య పోయి తన కుర్చీలో కూర్చుని, సగంలో ఆగిన చోటునుంచి మొదలుపెట్టింది. పని పూర్తయ్యాక, ఆ ఖాళీ ప్యాకేజీ నింపి పంపింది. సారు కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఖాళీదానికి ఒకటో నంబరు నేనిచ్చిన గదా. నువ్వూ ఒకటే పెట్టినవేంది? వాపస్!"

సౌందర్య పగలబడి నవ్వింది. "అట్లనే సార్," అని కళ్లు తుడుచుకుంటూ నంబరు మార్చడానికి కూర్చుంది.