ఆరింటి మిస్డ్ కాల్

మా చర్చి సంఘంలో ఆడవాళ్లకి గొలుసు ప్రార్థన అని ఒకటుంది. పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా, అరగంట చొప్పున ఒక్కొక్కరం ఎవరింట్లో వాళ్లం మోకాళ్ల మీద ఉండాలి. నీ అరగంట అవగానే తర్వాతి ఆవిడకి మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఆవిడ ఫోను ఎత్తకూడదు. ఎత్తితే ఇద్దరూ కబుర్లలో పడతారు, గొలుసు తెగుతుంది. ఒక్కసారి మోగి ఆగిందంటే, ఇక నీ వంతు, మోకరించు అని అర్థం. నా వంతు సాయంత్రం ఆరింటికి.

ఈసారి గొలుసు మా అక్క కోసం. తోడబుట్టింది కాదు, సంఘంలో అక్క. పద్మనాభం ఊరి వైపు పల్లె మనిషి. మా ఆయనకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి, గోదావరి జిల్లా నుంచి కూర్మన్నపాలెం వచ్చిపడ్డ కొత్తల్లో, గుడిలో కాస్త జరిగి చాప మీద నాకు చోటిచ్చింది ఆవిడే. నా ‘అండీ’లని ఆవిడ వెక్కిరించేది. ఆవిడ ‘నాను’, ‘ఏటి’లని నేను వెక్కిరించేదాన్ని. అలా కలిసిపోయాం. ఆవిడకి షుగరు. చెప్పు కరిచిన చిన్న పుండు ముదిరి ముదిరి ఆసుపత్రిలో చేరేదాకా వచ్చింది. పుండు శుభ్రపడితే సరే, లేదంటే పాదం తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఆ మాట విని ఆదివారం గుడిలో అందరం ఏడ్చాం. అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే. గొలుసు పెడదామని లేచి నిలబడి చెప్పిందీ నేనే!

మొదట్లో బాగానే చేశాను. తలుపేసుకుని, చెంగు కప్పుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చేశాను. తర్వాత ఒకరోజు పొయ్యి మీద కూర మాడుతుందని గరిట పట్టుకునే చేశాను. ఇంకోరోజు టీవీ ముందు కూర్చుని, “అక్కని ముట్టి బాగుచెయ్యి తండ్రీ” అని ఒక్క ముక్క అన్నాను. దేవుడికి తెలీనిదేముంది, మళ్లీ మళ్లీ చెప్పాలా అనుకున్నాను. ఆ తర్వాత ఆ ముక్క కూడా పోయింది. ఎవరూ ఆపలేదు, ఏ గొడవా జరగలేదు, ఊరికే పోయింది. మిస్డ్ కాల్ మాత్రం ఒక్కరోజూ తప్పలేదండోయ్! ఆరున్నరకి ఫోనులో అలారం పెట్టుకున్నాను. అది మోగగానే గోపాలపట్నంలో ఉండే తర్వాతి ఆవిడకి ఒక్క రింగిచ్చి కట్ చేసేదాన్ని. నా వల్ల గొలుసు తెగిందని ఎవరూ అనకూడదు కదా. సిగ్గులేకపోతే సరి!

ఒకరోజు సాయంత్రం ఉడకబెట్టిన గుడ్లు డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. బస్సులో నిలబడి నిలబడి నడుము పడిపోయింది. వార్డులోకి అడుగు పెట్టగానే అక్క మొహం వెలిగిపోయింది.

“వొచ్చీసినావా సెల్లీ? రా, ఇలగ కూకో.”

కూర్చున్నాను. నోరు తెరిచానంటే నాకు ఆగదు. బస్సులో రద్దీ, ప్లాంటులో మా ఆయన షిఫ్టులు, గుడిలో ఎవరు ఏ చీర కట్టారో, అన్నీ ఏకరువు పెట్టాను. మధ్యలో సంచిలో ఫోను ఒక్కసారి మోగి ఆగింది. నా చెయ్యి దానంతట అదే సంచి మూతి బిగించింది. “ఆఁ, ఏం చెబుతున్నానూ...” అని మళ్లీ మొదలెట్టాను.

అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది. గోడ గడియారం వైపు చూసింది.

“అదిగో, నీ మిస్డ్ కాలొచ్చీసింది. ఆరైపోనాది. ఈరోజు నా పక్కనే కూకుని సెయ్యి.”

సరిగ్గా అప్పుడే నర్సమ్మ ట్రే పట్టుకుని వచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, “ఈవిడేనా మీ ఆరుగంటలావిడ?” అంది.

నాకేమీ అర్థం కాలేదు. అక్క గర్వంగా తలూపింది.

“కట్టు మార్చడానికి ఐదింటికొస్తే ముట్టనివ్వదండీ,” అంది నర్సమ్మ నాతో. “ఆరవ్వాలంటుంది. పుండు గీకి కడుగుతుంటే మిగతావాళ్లు వార్డు ఎగిరిపోయేలా అరుస్తారు. ఈవిడ కిక్కురుమనదు.”

“అరవడానికేటుంది?” అంది అక్క. “ఆ టైముకి కూర్మన్నపాలెంలో నా సెల్లి మోకాళ్ల మీదుంటాది. నాకు నొప్పి సగమే తెలుస్తాది. మిగతా సగం అది మోసేత్తాది.”

ఓరి దేవుడా! నిన్న ఆరింటికి నేనెక్కడున్నాను? రైతుబజారులో పుచ్చు వంకాయలు అంటగట్టాడని ఒకడితో పోట్లాడుతున్నాను. మొన్న? సోఫాలో కాళ్లు చాపుకుని ఉన్నాను. అటుమొన్న నిద్రపోయాను, అలారమే లేపింది. ఆ అరగంటల్లో ఈ మనిషి ఇక్కడ పచ్చి పుండు గీకించుకుంటూ, పళ్ల బిగువున, నేనున్నానని నమ్ముకుని పడుకుంది. బద్ధకమంటే నాకూ దేవుడికీ మధ్య సంగతి అనుకున్నాను, ఇంకొకరి పుండు దాకా వెళ్తుందని కల్లో కూడా అనుకోలేదు.

నర్సమ్మ కట్టు విప్పడం మొదలెట్టింది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

“మొదలెట్టు సెల్లీ.”

గొంతు సవరించుకున్నాను. “పరిశుద్ధుడవైన తండ్రీ, ప్రేమామయుడా, ఈ సాయంకాల ఘడియలో నీ పాదసన్నిధికి...” అలవాటైన మాటలు కుళాయి తిప్పినట్టు వచ్చేస్తున్నాయి. అక్క నా చెయ్యి నొక్కింది.

“గుడిలో సేసినట్టొద్దమ్మా. రోజూ ఇంట్లో నా కోసం సేత్తావు సూడు, అలగ సెయ్యి.”

రోజూ చేసేది ఎక్కడుందని? ఏదో ఒకటి కల్పించి చెప్పేద్దామనే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఆవిడ కళ్లు మూసుకుని, నా మాట కోసం చెవులు రిక్కించుకుని పడుకుని ఉంటే ఎలా కల్పించను?

“అక్కా, నేను రోజూ చెయ్యట్లేదు.”

కళ్లు తెరిచింది. “ఏలాకోలమా?” అని నవ్వబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది.

“మరి మిస్డ్ కాల్ ఎల్తంది కదా?”

“అలారం పెట్టుకున్నానక్కా. అది మోగితే ఇస్తున్నాను. అంతే.”

తిట్టి ఉంటే బాగుండేది. నా మొహంలోకి, ఎవరో తెలీని మనిషిని చూసినట్టు చూసింది. మెల్లిగా చెయ్యి వెనక్కి లాక్కుంది. “నువ్వు కానిచ్చీయమ్మా,” అంది నర్సమ్మతో.

నర్సమ్మ చెయ్యి కాలికి తగిలిందో లేదో, అక్క కేక పెట్టింది. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. నర్సమ్మ కూడా ఉలిక్కిపడింది. ఇన్నాళ్లూ నోట్లోనే నొక్కిపెట్టిన అరుపులన్నీ ఆ ఒక్క సాయంత్రమే బయటికొచ్చాయి. మంచం పక్కన, క్యారేజీలూ చెప్పులూ ఉన్న చోటే నేల మీద మోకాళ్లూనాను. పరిశుద్ధుడవైన తండ్రీ లేదు, ప్రేమామయుడా లేదు. “ఆ కాలు ఉంచు తండ్రీ, ఆ కాలు ఉంచు,” అని ఏడుస్తూ అదే మాట అంటూ ఉన్నాను. కాసేపటికి అక్క చెయ్యి తడుముకుంటూ వచ్చి నా జడ పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. నన్ను క్షమించి పట్టుకుందో, నొప్పికి ఓర్చుకోలేక పట్టుకుందో నాకు తెలీదు.

అప్పుడు మోగింది సంచిలో నా అలారం.

నర్సమ్మ ఇంకా పుండు కడుగుతూనే ఉంది. జడ అక్క చేతిలోనే ఉంది. ఒంటి చేత్తో ఫోను తీసి గోపాలపట్నం ఆవిడకి కొట్టాను. ఒక్క రింగుకి కట్ చెయ్యలేదు, మోగనిచ్చాను. చాలాసేపటికి ఎత్తింది. వెనకాల టీవీలో సీరియల్ హోరుమంటోంది.

“ఏటొదినా, కట్ సెయ్యడం మర్సిపోనావా?”

ఫోను అక్క మంచం వైపు పట్టుకున్నాను. అక్క ఇంకా అరుస్తూనే ఉంది. కాసేపటికి అవతల టీవీ మోత ఆగిపోయింది.