సంతోషకుమారి సాలు

మా పర్చూరు పక్క మిరప కోతల్లో సంతోషకుమారి ఒక సాలు మొక్కలు పట్టిందంటే పక్క సాలు వాళ్ళకు గుండె దడే. నలభై ఏళ్ళుగా ఆమె ముందు, కూలీల ముఠా వెనక. అరవై దాటినా అంతే. అలాంటి మనిషి పోయిన ఏడు అరగంటకోసారి లేచి గట్టు చాటుకు పరుగెత్తడం మొదలుపెట్టింది. వెళితే ఒకటే మంట.

మిరప కోసే ఆడవాళ్ళకు ఆ మంట కొత్త కాదు. కారం అంటిన చేత్తో చీర సర్దుకుంటే మండక ఏమవుతుంది? తనదీ అదే అనుకుంది. చేతులకు కొబ్బరినూనె రాసింది. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్ళు మానేసింది. నాలుక పిడచగట్టినా తాగలేదు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేసి ఎకరాల మిరపలో ఆడమనిషి చాటుగా కూర్చోడానికి ఆ గట్టు తప్ప నాలుగు గజాల చోటు లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ముఠా మేస్త్రి ఏసుబాబు, స్వయానా అక్క కొడుకు, "పిన్నమ్మా, పెద్దదానివయ్యావు, వచ్చే కోతలకు ఇంటిదగ్గర ఉండు" అన్నాడు. ఆమె సాలు వేరేవాళ్ళకిస్తాడట.

ఆషాఢంలో ఆస్పత్రికి వెళ్ళి, మిరప చేతి మంటండి అని చెప్పింది.

"ఇప్పుడు కోతలెక్కడున్నాయమ్మా?" అంది డాక్టరమ్మ.

పరీక్ష చేస్తే షుగరు మూడొందలు దాటింది. వయసు మీదపడ్డాక ఒళ్ళు చక్కెరను మునుపటిలా వాడుకోలేదని, మిగిలింది మూత్రంలో పోతూ నీళ్ళనూ లాక్కుపోతుందని, ఆ తీపికి క్రిములు చేరి మంట పుడుతుందని, నీళ్ళు మానడంతో అది ముదిరిందని డాక్టరమ్మ చెప్పింది. మందులతో మంట పోయింది. లేవడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

మాఘంలో కోత మొదలైన రోజు ఎవరూ పిలవకుండానే చేలోకి వచ్చింది. చంకలో రెండు లీటర్ల నీళ్ళ సీసా, చేతిలో నాలుగు కర్రలు, ఒక పాత చీర. గట్టు పక్కన కర్రలు పాతి చుట్టూ చీర కట్టింది. ఏసుబాబు ఏదో అనబోతే వినిపించుకోకుండా తన సాల్లోకి దిగింది. ఎండెక్కాక సీసా ఎత్తి గటగటా తాగి, అందరూ చూస్తుండగా లేచి నిలబడింది.

"ఒరేయ్ ఏసుబాబూ, నేను ఒంటికెళ్ళొస్తా. నా సాలు ఎవరూ ముట్టుకోబాకండి."

ముఠాలో ఆడవాళ్ళు పొద్దుటినుంచీ గొంతు తడపలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఒకామె సీసా అందుకుంది, తర్వాత ఇంకొకామె.

సంతోషకుమారి తిరిగొచ్చేసరికి సాలు అలాగే ఉంది. సీసాలో మాత్రం చుక్క నీళ్ళు లేవు.