బియ్యం డ్రమ్ము వెనక కత్తిపీట

పుంగనూరులో మా పక్కింట్లో ఉండిన ఆమె కాపురం కుప్పానికి మార్చేసినా, ఆమె కత్తిపీట మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది.

రోజూ పొద్దున్నే చాటలో కూరగాయలు వేసుకుని మా వంటింటికి వచ్చి కూర్చునేది. "అక్కతో మాట్లాడతా కోసుకుంటే పని చేసినట్లే ఉండదు" అని చూసినవాళ్లతో నవ్వేది. తరగడం అయ్యాక కత్తిపీట కడిగి, మా బియ్యం డ్రమ్ము వెనక్కి తోసి, ఎవరికీ కనపడకుండా ఉందా అని వంగి చూసుకునేది.

అసలు సంగతి నాకొక్కదానికే చెప్పింది. పదో తరగతి చదివే కొడుకు ఎప్పుడూ ఫోన్‌లో నరుక్కునే వీడియోలే చూసేవాడు. ఒకరోజు ఆమె ఫోన్ లాక్కుంటే, ఈ కత్తిపీటే ఎత్తి మీదికొచ్చాడు.

"బిడ్డ మంచోడే అక్కా. ఆ ఫోను పట్టుకుంటే వేరే మనిషైపోతాండాడు" అంది.

ఒకసారి ఆమెకు జ్వరమొస్తే చాట పట్టుకుని వాడే వచ్చాడు. గడప బయటే ఆగిపోయాడు. లోపలికి రమ్మన్నాను.

"వద్దు పెద్దమ్మా, నువ్వే కోసియ్యి. నేనీడే ఉంటా."

నేను వంకాయలు తరుగుతున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చాట అందుకుంటూ మెల్లగా అన్నాడు:

"అది యాడుండాదో నాకు తెలుసని అమ్మకి సెప్పొద్దు పెద్దమ్మా. పాపం, దాచేదానికి మళ్లీ ఇంకో తావు ఎతుక్కోవాల."