నా ప్రోగ్రాం మింగిన విజేతలు

ముప్పై ఏళ్లు విలేకరిగా ఊరందరి తప్పులూ రాశాను. రిటైరయ్యాక సొంతంగా తప్పులు చేయడానికి సి ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. ఆ ఊపులో, నిరుడు ములకలపల్లి దగ్గరి ఓ గూడెంలో జరిగిన విలువిద్య పోటీకి ప్రోగ్రాం రాసిచ్చాను. మార్కులు నేరుగా ల్యాప్‌టాప్‌లోకే ఎక్కించాం. కాగితం మీద రాస్తామంటే నేనే నవ్వాను.

విజేతల జాబితాను సర్టిఫికెట్లు అచ్చువేసే భాగానికి పంపాలి. కాపీ చేస్తే మెమరీ దండగని 'మూవ్' చేశాను. అంటే నకలు ఇవ్వడం కాదు, ఉన్నదంతా అప్పగించేయడం. సర్టిఫికెట్లు చక్కగా అచ్చయ్యాయి. ఆ తర్వాత అదే పాత జాబితాను తెర మీద చూపించమన్నాను. తప్పులు పట్టాల్సిన కంపైలర్ కిక్కురుమనలేదు.

"మొదటి బహుమతి..." అంటూ సర్పంచి మైకులో ఆగిపోయాడు. తెర ఖాళీగా ఉంది.

"ఫస్టు నాదే!" అని ఒకాయన లేచాడు.

"నీ బాణం మేకకు తాకబోయింది, కూసో!" అన్నాడు ఇంకొకాయన.

అందరూ లేచారు. నేను ల్యాప్‌టాప్ మీటలన్నీ వరసగా నొక్కాను. పోటీలో బాణాలేసిన ముత్తమ్మ నా దగ్గరికొచ్చి, "ఏమైంది సారూ?" అంది. జరిగింది చెప్పాను.

"నా గంపల ఇప్పపువ్వు నీ గంపల పోసినంక, నా గంపల దేవులాడితే ఏముంటది? పోసినకాడ చూడరాదు!"

పోసినచోటు నా మోచేతి కిందే ఉంది, సర్టిఫికెట్ల కట్ట. పైకాగితం తిప్పి చదివాను. మొదటి బహుమతి, ముత్తమ్మ.

కంపైలర్ కంటే ఆమే నయం. తప్పు చేస్తే కనీసం తిడుతుంది.