కొండ అంచు తోటలో ఖాకీ కవరు

పెర్త్‌లో నదికి పైన, కొండ అంచున ఒక పెద్ద తోట ఉంది. టికెట్టు లేదు, గేటు లేదు, వండుకోవడానికి పొయ్యిలు కూడా ఉచితమే. ఒక ఆదివారం మా చర్చి ఆంటీ ఫోన్ చేసి, "ఆరాధనయ్యాక అక్కడ బార్బీ పెట్టుకుందాం, చికెన్ కాల్చుకుందాం, నువ్వు తప్పకుండా రావాలి" అంది. ఆ 'తప్పకుండా' దగ్గరే నాకు అనుమానమొచ్చింది.

రాదా మరి? అప్పటికే రెండుసార్లు బుక్కయ్యాను. ఒకసారి ఎవరి పాపదో పుట్టినరోజన్నారు, వెళ్తే పక్క కుర్చీలో మెల్‌బోర్న్ నుంచి దిగిన డెంటిస్టు. ఇంకోసారి ప్రార్థన కూడిక అన్నారు, ఆమెన్ అనగానే ఒకావిడ నా జడ పట్టుకుని పొడవు చూసింది. ఇరవై ఏడేళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంత కారు, పెళ్ళి లేదు. ఇలాంటిదాన్ని చూస్తే మనవాళ్ళకి చేతులూరుకోవు.

వెళ్ళేసరికి చాప మీద అంకుల్, ఆంటీతో పాటు ముప్పై ఏళ్ళ మనిషొకడు కూర్చుని ఉన్నాడు. "మన భీమవరం వైపే" అంది ఆంటీ. ఇస్త్రీ చొక్కా, పిక్నిక్‌కి నల్లబూట్లు, ఒళ్ళో ఖాకీ కవరు. ఫోటో, బయోడేటా తెచ్చాడన్నమాట అనుకున్నాను.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది గానీ ఇక్కడే చెప్పేస్తాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయంతో, ఆ వైటూకే పనికోసం అతన్ని తీసుకొచ్చారు. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ ఆగలేదు, అతని ఉద్యోగం ఆగింది. వీసా ఇంక పన్నెండు రోజులే. ఈలోపు ఇంకో కంపెనీ తీసుకోకపోతే విమానమెక్కాల్సిందే. మా టీమ్‌లో ఒక మనిషి కావాలని, సోమవారం పొద్దున్నే మా బాస్ తేల్చేస్తాడని ఆంటీకి వాగింది నేనే. ఆవిడ నాతో చెబుతానంటే, "వద్దండీ, నేనే అడుగుతాను, అదే మర్యాద" అన్నాడట.

అడగడం మొదలుపెట్టాడు. "మీ టీమ్‌లో ఎంతమందండీ?" చెప్పాను. "మీ మేనేజర్ మంచివారేనా?" నీకెందుకయ్యా అనుకున్నాను. "మీకు పీఆర్ వచ్చేసిందా అండీ?" ఓహో, ఇక్కడే స్థిరపడిపోవడానికి పీఆర్ ఉన్న పిల్ల కావాలా, అందుకా ఈ నల్లబూట్లు. ఎదురుగా పచ్చిక మీద ఒక తెల్లపిల్ల పెళ్ళిగౌనులో ఫోటోలు దిగుతుంటే, అది కూడా ఆంటీ ఏర్పాటే అనిపించింది.

"మీరిద్దరూ అలా అంచుదాకా నడిచి రండి, వ్యూ బాగుంటుంది" అంది ఆంటీ. ఇంకేముంది, ఖాయం.

రెయిలింగ్ దగ్గర గాలి విసిరి కొడుతోంది. కింద నది, దాని పక్కన ఫ్రీవే. అతను రెండు చేతులతో కవరు ముందుకు చాపి, "మీరొక్కసారి చూస్తే..." అన్నాడు.

"చూడక్కర్లేదు. నాకు అలాంటి ఉద్దేశం లేదు. ఇలా పిక్నిక్ పేరు చెప్పి దొంగదారిన రావడానికి సిగ్గుగా లేదా మీకు?"

అతని మొహం నల్లబడిపోయింది. "సారీ అండీ, ఇబ్బంది పెట్టాను" అని కవరు చంకలో పెట్టుకున్నాడు. తిరిగొచ్చి ఏమీ తినలేదు. నేను మాత్రం బాగా బుద్ధి చెప్పానని చికెన్ రెండోసారి వడ్డించుకున్నాను.

సోమవారం సాయంత్రం ఆంటీ ఫోన్. "ఇచ్చావా మీ బాస్‌కి?"

"ఏం ఇవ్వాలి?"

"అతని రెజ్యూమే."

ఆ పొద్దున్నే మీటింగ్‌లో బాస్ అందరినీ అడిగాడు, మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని. ఎవరూ లేరన్నదాన్ని నేనే. ఇంకెవరినో తీసేసుకున్నారు. నా నోరు పడిపోను అని తిట్టుకున్నాను.

మంగళవారం అతనుండే ఇంటికి వెళ్ళి కవరు అడిగాను. కారణం అడక్కుండా ఇచ్చేశాడు. కారులో కూర్చుని విప్పాను. అప్పట్లో మనవాళ్ళ రెజ్యూమేలు అలాగే ఉండేవి. మూలన పాస్‌పోర్ట్ ఫోటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, సొంతూరు. నేను అనుమానపడ్డవన్నీ ఉన్నాయి. వాటి కింద, పెళ్ళయింది, ఒక పాప అని కూడా ఉంది.

బాస్ రెండు పేజీలూ తిప్పి, నిన్న తెచ్చి ఉండాల్సింది అన్నాడు.

పన్నెండో రోజు అతన్ని ఎయిర్‌పోర్ట్‌లో నేనే దింపాను. దారంతా క్షమించమని అడగాలనుకుంటూనే ఉన్నాను. "పాపకేం కొన్నారు?" అని మాత్రం అడిగాను. "కంగారూ బొమ్మండీ" అన్నాడు. దిగేటప్పుడు కవరు తిరిగివ్వబోతే తీసుకోలేదు.

"మీ దగ్గరే ఉంచండి. ఎవరైనా అడిగితే ఇద్దురుగాని."

ఆ ఏడాదంతా నేనే అడిగాను, కనబడ్డ ప్రతి మేనేజర్నీ. కవరు ఇంకా నా దగ్గరే ఉంది.