బెల్లం ముక్క నేర్పిన మాట

మా వాడికి అప్పుడు రెండో ఏడు నడుస్తోంది. గుడివాడలో ఉండేవాళ్ళం. మా ఆయన అక్క పెదపారుపూడిలో అత్తగారితో తగవు పడి వచ్చి, ఆ శీతాకాలమంతా మా ఇంట్లోనే ఉంది.

ఆవిడకు పొద్దుపోవడానికి మా వాడు దొరికాడు. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మీ అమ్మెవర్రా?" అనేది.

"దయ్యం!"

"దయ్యాన్నేం చెయ్యాలి?"

వాడు నా మీద తూ అని ఊసేవాడు. ఆవిడ నవ్వి బెల్లం ముక్క నోట్లో పెట్టేది. నేను మొహం మాడ్చుకుంటే మా ఆయన, "పసివాడు, వాడికేం తెలుసే? అంత ఉక్రోషమైతే ఎలా?" అనేవారు.

ఒకరోజు అన్నం తినిపిస్తుంటే నోట్లో ముద్ద నా మొహాన ఊశాడు. చెయ్యెత్తాను. వాడు నన్ను చూడటం లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మేనత్త చేతివంక చూస్తున్నాడు, బెల్లం కోసం.

ఎత్తిన చెయ్యి దించి పెరట్లోకి వెళ్ళాను. గేదె పేడ గంప నిండా ఉంది. ముద్ద తీసుకుని గోడకేసి చరిచాను. ఒక్కో పిడకా ఆవిడ చెంపే అనుకున్నాను. గోడంతా నిండేసరికి నా ఒళ్ళు చల్లబడింది, బుద్ధి మాత్రం పదునెక్కింది. వీణ్ణి కొట్టి ఏం లాభం? కొట్టాల్సింది వేరే చోట.

మధ్యాహ్నాలు ఇరుగమ్మలను చేర్చుకుని ఆవిడ తన అత్తగారిని "పెదపారుపూడి గుడ్లగూబ" అని తిట్టేది. ఆ మాట నాకు పనికొచ్చింది. బెల్లం కుండ ఉండేది నా వంటింట్లోనే కదా. స్నానం చేయిస్తూ, జోకొడుతూ వాడికి నేర్పాను. "అత్తవాళ్ళ అత్తగారు ఎవర్రా?" అంటే చాలు, "గూబ!" అనేవాడు.

సంక్రాంతి వెళ్ళాక ఆ పెద్దావిడ కోడల్ని తీసుకెళ్ళడానికి సున్నుండల డబ్బాతో వచ్చింది. మా వాణ్ణి దగ్గరకు తీసుకుని, "నేనెవర్ని నాన్నా? మీ అత్తవాళ్ళ అత్తని," అంది.

"గూబ! పెదపాలుపూడి గూబ!"

కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడ్డాను. కదల్లేదు.

"ఎవరు చెప్పారు నాన్నా?"

"అత్త."

మా వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దావిడ నా చేతిలో కాఫీ అందుకుని చివరిదాకా తాగింది. గ్లాసు కింద పెట్టి, "బట్టలు సర్దుకో అమ్మాయ్. గూబకు పగలు కళ్ళు కనపడవేమో గానీ చెవులు బాగానే వినపడతాయి," అంది.

జట్కా ఎక్కబోతూ వదిన నా చెవి దగ్గర, "నువ్వే నేర్పావు," అంది.

"మీ దగ్గర చూసి నేర్చుకున్నదేనండీ వదినా," అన్నాను.

మర్నాడు వాడు అలవాటు కొద్దీ నా మీద ఊశాడు. నవ్వేవాళ్ళు లేరు, బెల్లమూ లేదు. నాకు చెయ్యి లేవలేదు. మూతి తుడిచి ఇంకో ముద్ద పెట్టాను. కొన్నాళ్ళకు మానేశాడు. గూబ మాట మాత్రం త్వరగా వదల్లేదు, తెల్లజుట్టు వాళ్ళెవరు కనిపించినా గూబే. వాళ్ళందరికీ మా ఆయన క్షమాపణలు చెప్పుకునేవారు. నేను చెప్పలేదు.

తర్వాత వదినకు కూతురు పుట్టింది. బారసాలకు వెళ్ళాను. పిల్ల బాగుంది, ఎత్తుకుందామని చేతులు చాచాను. ఆవిడ బిడ్డను గుండెకు అదుముకుని అటు తిరిగింది. ఆ రోజు పులిహోర రెండోసారి అడిగి వేయించుకుని తిన్నాను.