ఆల్ప్స్ లోయలో లింగయ్య మోకాలు

1996. ఖతర్ దేశంలోని మెసయీద్‌లో ఒక కంపెనీ క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా చేరి అప్పటికి నాకు మూడో ఏడు. చుట్టూ ఫ్యాక్టరీలే కాబట్టి మా గదికి వచ్చేవాళ్లంతా నడుములు, భుజాలు, మోకాళ్లు పాడుచేసుకున్న పనివాళ్లే. గది చిన్నది. రెండు మంచాలు, పట్టుకుని నిలబడడానికి గోడకు బిగించిన కర్రల వరస, కిటికీ పక్కన రెండు ఎక్సర్‌సైజు సైకిళ్లు. వాటిని మేం ఎర్గోమీటర్ అంటాం. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటాయి, ఎంత బరువుగా తొక్కాలో మాత్రం ఒక మర తిప్పి మార్చుకోవచ్చు.

లింగయ్యది నిజామాబాద్ వైపు పల్లె. ముప్పై ఏళ్లుంటాయి. స్టీల్ ఫిక్సర్, అంటే కాంక్రీటు పోయకముందు ఇనప కడ్డీలను బైండింగ్ వైరుతో కట్టే పని. ఒక శుక్రవారం క్యాంపు వెనక కబడ్డీ ఆడుతూ పడి మోకాలి చిప్పను రెండు ముక్కలు చేసుకున్నాడు. దోహాలో ఆపరేషన్ చేసి, ముక్కలను తీగతో బిగించి, కాలు వంచే బాధ్యత నాకు వదిలి పంపించారు. ఎముక చక్కగా అతికింది. కాలు మాత్రం వంగలేదు.

మోకాలు ఎంత వంగుతుందో కొలిచే సాధనాన్ని గోనియోమీటర్ అంటారు. బడిలో వాడిన కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టు ఉంటుంది. లింగయ్య మోకాలు తొంభై డిగ్రీలు దాటడం లేదు. కుర్చీలో కూర్చునే ఉద్యోగానికైతే అది చాలు. స్టీల్ ఫిక్సర్‌కు కుర్చీ ఎక్కడిది? రోజంతా కడ్డీల మీద గొంతుక్కూర్చుని చేసే పని. జూన్‌లో ఎముకల డాక్టరు చూసి ఫిట్ అని రాస్తే సైటుకు వెళ్తాడు, అన్‌ఫిట్ అంటే వీసా రద్దు, ఇంటికి టికెట్టు. ఈ సంగతి లింగయ్యకు నాకన్నా బాగా తెలుసు. అయినా మోకాలి మీద నేను చెయ్యి వేస్తే చాలు, మనిషి బిగుసుకుపోయేవాడు.

"నొప్పా?" అనేదాన్ని.

"నొప్పి లేదు మేడం."

"మరి కాలు వదులుగా పెట్టు."

"వదులుగనే వెట్టిన మేడం."

వదులుగా పెట్టిన కాలు రోకలిబండలా ఉండేది. నాకు కోపం తొందరగా వస్తుంది. "లింగయ్యా, నీకూ నీ కాలికీ ఏమన్నా తగాదాలున్నాయా?" అని దెప్పేదాన్ని. తల వంచుకునేవాడు. మత్తిచ్చి వంచేద్దామా అని మా క్లినిక్ డాక్టరు ఒకసారి అంటే, ఆ మాట విని రెండు రోజులు క్లినిక్ వైపే రాలేదు. బద్ధకస్తుడైతే నాకు అర్థమయ్యేది. కానీ చేతికి పని దొరక్కపోతే నా గదిలో చెదిరిన టవళ్లు మడత పెట్టే రకం అతను.

అలాంటి రోజుల్లో వెర్నర్ వచ్చాడు. ఆస్ట్రియా దేశపు ఇంజనీరు, యాభై దాటినవాడు. సెలవు రోజున మెసయీద్ బయట కంకర దారుల్లో సైకిల్ తొక్కుతూ ఇసుకలో జారి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు, అది అతికాక మా గదికి పంపారు. సెలవుకు వెళ్లి ఆల్ప్స్ కొండల్లో వాళ్ల ఊరి లోయలో సైకిల్ తొక్కాలని అతని పట్టుదల. మొదటి రోజే ఆ లోయ మ్యాపు పెద్దది తెచ్చి, నన్నడక్కుండా, మా క్లినిక్ ప్లాస్టరు టేపుతోనే సైకిళ్ల ఎదుట గోడకు అంటించాడు.

"పెయింట్ ఊడొస్తుంది" అన్నాను.

"పెయింట్ నేను వేయిస్తాను. మీరు నా సీటు కాస్త పైకెత్తండి" అన్నాడు.

మ్యాపులో మూడు దారులకు రంగు పెన్సిల్‌తో గీతలు గీశాడు. ఒకటి ఏటి పక్కనే పోయేది, చదును, సన్న కంకర. రెండోది అడవిలోంచి, దుంగలు మోసే లారీల కోసం వేసింది, మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. మూడోది అన్నిటికన్నా పైన, వేసవిలో ఆవులను తోలుకెళ్లే పచ్చిక బీళ్లలోకి. ఎక్కడా తారు లేదు. అది చూడగానే నాకు వైద్యం వరస దొరికినట్టయింది. ఏటి దారికి సీటు ఎత్తుగా, మర వదులుగా. అడవి దారికి మర బిగువుగా. పై దారికి సీటు కిందికి దించి, మోకాలు బాగా వంగేలా. రెండో సైకిల్ మీద లింగయ్యను కూర్చోబెట్టాను.

పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు నూట పది డిగ్రీలు వంగాలి. అంత వంగనివాళ్లు ముందుకూ వెనక్కీ అరచుట్టు ఊపుతూ మొదలుపెడతారు. చాలామందికి మొదటి పూర్తి చుట్టు వెనక్కి తొక్కితేనే వస్తుంది. ఆ మాటే చెప్పాను.

"ఎన్కకు తొక్కుతే ఇంటికే పోతనేమో మేడం" అన్నాడు లింగయ్య. అతను నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

వెర్నర్ తొక్కుతూ దారంతా చెప్పేవాడు. సగం ఇంగ్లీషు, సగం సైటులో నేర్చిన హిందీ, మధ్యలో అరబ్బీలో యల్లా, యల్లా, అంటే పద, పద. లింగయ్యకు అర్థంకానిది నేను తెలుగులో చెప్పేదాన్ని. ఎడమ పక్క ఏరు ఉందని, ఎండాకాలంలో పైన మంచు కరిగి నిండుగా పారుతుందని ఒకరోజు చెప్పాడు.

"ఎండకాలం నిండే వాగా?" అన్నాడు లింగయ్య, అరచుట్టు ఊపుతూనే. "గీయన కోతలు మంచిగ కోస్తుండు మేడం."

ఇంకోరోజు తనలో తనే నవ్వుకుంటుంటే ఏమిటని అడిగాను. "మా ఇంటికాడ నేను దుబాయ్‌ల ఉన్ననంటరు. నేనేమో ఖతర్‌ల ఉన్న. సైకిలేమో ఈయన ఊర్ల తొక్కుతున్న" అన్నాడు. ఆ గదిలో అతను నవ్వడం అదే మొదటిసారి.

వెర్నర్‌కు ఒక చాదస్తం ఉండేది. మూడు దారుల్లోనూ పచ్చిక బీళ్లకు అడ్డంగా గేట్లుంటాయట. గేటు వచ్చిందనగానే తొక్కడం ఆపి, కష్టపడి సైకిల్ దిగి, కుంటుకుంటూ గోడ కర్రల దాకా వెళ్లి, అక్కడ లేని గేటు తీసి, మూసి, తిరిగొచ్చి ఎక్కేవాడు. వైద్యం టైము వృథా అని విసుక్కున్నాను.

"గేటు తీసినవాడే మూయాలి. లేకపోతే ఆవులు కిందికి దిగిపోతాయి" అన్నాడు.

ఏ ఆవులయ్యా అని అడగబోయి ఊరుకున్నాను. కాలెత్తి సైకిల్ దిగడం, ఎక్కడం అతని మోకాలికి మంచి ఎక్సర్‌సైజే మరి. లింగయ్య ఈ తతంగమంతా వింతగా చూస్తుండేవాడు. మూడో గేటు దగ్గర ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"ఆ గేటును దేంతోని కట్టిన్రు?"

"తీగతో" అన్నాడు వెర్నర్. "ఉంగరంలా చుట్టి గుంజకు తగిలిస్తాం."

"దినాం తీసి వెడుతుంటే తెగదా?"

"మా నాన్న కట్టిన తీగ అది. తీగ ఎక్కడా వంగదు కదా, గుంజ మీది నుంచి జారుతుందంతే."

నేను ఆ మాట తెలుగులో చెప్పాక లింగయ్య కాళ్లు ఆగిపోయాయి.

"మరి నా మోకాల్ల తీగ, మేడం?" అన్నాడు.

అప్పుడు బయటపడింది. బైండింగ్ వైరును చేత్తో అటూ ఇటూ కొన్నిసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. కట్టర్ చేతిలో లేనప్పుడు అతను రోజూ అలాగే తెంపుతాడు. మోకాల్లో తీగ వేశామని ఆపరేషన్ చేసినవాళ్లు చెప్పారు. అలాంటి మోకాలిని నేను రోజూ వంచుతున్నాను, చాపుతున్నాను.

"మీరు వంచినప్పుడల్లా ఇగ తెగె, ఇగ తెగె అని పానం గుంజుకుంటుండె" అన్నాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మల్ల కోసి తీగ మారుస్తమంటరని. మల్ల కోస్తే కంపెనీ ఊకుంటదా మేడం?"

కాలు వంచితే తీగ తెగి ఉద్యోగం పోతుందని, వంచకపోయినా పోతుందని, రెంటికీ మధ్య ఆ మనిషి అన్ని వారాలూ నా మంచం మీద నోరు మూసుకుని పడుకున్నాడు.

ఎక్స్‌రే తెచ్చి లైటు పెట్టె మీద పెట్టాను. తీగ కీలు మీద లేదు, చిప్ప మీద ఉంది. వంగే చోటు దాని వెనక. ఇలా కట్టడాన్ని టెన్షన్ బ్యాండ్ అంటారు. మోకాలు వంచినప్పుడు చిప్ప ముక్కలు విడిపోకుండా ముందువైపు ఈ తీగ పట్టి ఉంచుతుంది, వెనకవైపు ముక్కలు ఒకదానికొకటి గట్టిగా ఆనుకుంటాయి. ఇదంతా వేలితో చూపిస్తూ చెప్పాను.

"కడ్డీల కట్టు లెక్కనే. జరగనియ్యది" అన్నాడు.

"అంతే. పైగా నీ ఎముక అతికిపోయింది. రేపు ఆ తీగ తెగినా చిప్ప ఎక్కడికీ పోదు."

లింగయ్య ఎక్స్‌రేకి దగ్గరగా వంగి తీగ కొసలు మెలేసిన చోటు చాలాసేపు చూశాడు. "ముడి మంచిగేసిండు డాక్టరు" అన్నాడు. తన పనిలో ఇంకొకరి నేర్పు చూసి ఒప్పుకున్న మాట అది. ఆ రోజు మంచం మీద అతని కాలు నా చేతిలో మొదటిసారి బరువుగా, వదులుగా వాలింది. నా కళ్లలో నీళ్లు తిరిగితే టవల్ కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

మొదటి పూర్తి చుట్టు వెనక్కే వచ్చింది. తర్వాత ముందుకు. ఏటి దారి అయిపోయింది, అడవి దారి ఎక్కాం. నొప్పి లేకుండా ఏమీ జరగలేదు. చెమటలు కారేవి, పళ్లు బిగపట్టేవాడు. అయితే ఇప్పుడు నొప్పి ఉందని చెప్పేవాడు, ఎక్కడో చూపించేవాడు. నన్ను పిలిచే పిలుపులో మేడం పోయి అక్కా వచ్చింది. గేటు వచ్చినప్పుడు వెర్నర్ "యల్లా లింగయ్యా, దర్వాజా" అంటే ఇద్దరూ దిగి వెళ్లేవాళ్లు.

వెర్నర్ సెలవుకు వెళ్తూ మ్యాపు గోడకే వదిలేశాడు. "పై దారి ఇతను పూర్తిచెయ్యాలి" అన్నాడు నాతో. లింగయ్య ఒక్కడే పై దారి పట్టాడు. ఒక గేటుకు తీగ అడుగున కట్టి ఉందని తనే కల్పించుకుని, గోడ కర్రలు పట్టుకుని రోజురోజుకూ ఇంకాస్త కిందికి దిగి దాన్ని మూసి వచ్చేవాడు. అలా దిగమని నేను చెప్పి ఉంటే ఎన్నిసార్లు దిగేవాడో నాకు నమ్మకం లేదు.

జూన్‌లో ఎముకల డాక్టరు వచ్చాడు. ఎక్స్‌రే చూసి, గది మధ్యలో నిలబెట్టి, దేన్నీ పట్టుకోకుండా గొంతుక్కూర్చోమన్నాడు. లింగయ్య నెమ్మదిగా దిగాడు. మధ్యలో ఒకచోట ఆగాడు. మళ్లీ దిగి, పూర్తిగా కూర్చుని, నేల మీద ఏదో మెలేస్తున్నట్టు వేళ్లు తిప్పాడు.

"ఏం చేస్తున్నాడు?" అని డాక్టరు నన్నడిగాడు. నేను లింగయ్యను అడిగాను.

"గేటు మూస్తున్న అక్కా. ఆవులు దిగిపోతయి గద."

డాక్టరుకు అది వివరించి చెప్పేలోపే ఆయన ఫిట్ అని రాసేశాడు.

ఆ తర్వాత దోహాలోని అబూ హమూర్‌లో ఇంకో క్లినిక్‌లో చాలా ఏళ్లు చేశాను. బిగుసుకుపోయిన కీలు ఏది వచ్చినా, చెయ్యి వేసేముందు ఆ మనిషిని రెండు సంగతులు అడుగుతాను. నువ్వు చేసే పనేమిటి, లోపల ఏముందనుకుంటున్నావు అని. భుజం ఎత్తని ఒక దర్జీ, లోపలి కుట్లు పిగులుతాయని భయపడుతున్నట్టు అలా అడిగితేనే చెప్పాడు. వెంటనే చెప్పేవాళ్లు తక్కువ. అడిగి, ఓపిక పట్టి కూర్చుంటాను. లింగయ్యకైతే ఒక లోయంతా పట్టింది.